కృష్ణ ఇసుక మేటల మీద రామదాసును చూడాలంటే

మా దుకాణంలో కంటి పరీక్ష అక్షరాల బోర్డు పక్కన ఒక ఫోటో తగిలించాను. నల్ల టోపీ పెట్టినట్టున్న తల, మాగిన అరటిపండు రంగు ముక్కు, ఎర్రటి పొట్టి కాళ్లు, కత్తెరలా చీలిన పొడవాటి తోక. విజయవాడ వన్ టౌన్‌లో కళ్లద్దాలు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు తమ వంతు వచ్చేలోపు దాన్ని చూసి, "ఇదే దేశపు పక్షి అండీ?" అని అడుగుతారు. యనమలకుదురు అంటే నమ్మరు. సిటీ బస్సు వెళ్లే ఊరి పక్షి అనగానే దాని విలువ తగ్గిపోతుంది కాబోలు. నమ్మిన కొద్దిమందికి ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడ నిలబడాలో గల్లాపెట్టె దగ్గర చెప్పడం మొదలుపెడితే వెనక ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. అందుకని తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

దీని పేరు రివర్ టెర్న్. పాత పక్షి గ్రంథాల్లో టెర్న్‌లకు రామదాసు అనే తెలుగు పేరు కనిపిస్తుంది. ఆ పేరు నాకెంతో నచ్చి, తాడేపల్లి వైపు వల వేసుకునే ఒక బాబాయ్‌కి గొప్పగా చెప్పాను. ఆయన బీడీ పక్కకు తీసి, "మేం తెల్లపిట్ట అంటాం డాక్టరు గారూ. రామదాసే అయితే పొద్దున్నే చేపలెందుకు తింటాడు?" అన్నాడు. నేను డాక్టరును కాను, అద్దాలు అమ్మేవాణ్ణి అని ఆయనకు చాలాసార్లు చెప్పాను. ఆయన నన్ను డాక్టరు గారూ అనడం మానలేదు, నేను ఆ పక్షిని రామదాసు అనడం మానలేదు.

రామదాసు మంచినీటి పక్షి. పెద్ద నదుల మీద, జలాశయాల మీద తిరుగుతుంది. చెట్టు మీద గూడు కట్టదు. నది మధ్యలో తేలిన ఇసుక మేట మీద పొట్టతో చిన్న గుంట చేసి, అందులో రెండో మూడో గుడ్లు పెడుతుంది. పుల్లలూ ఉండవు, ఆకులూ ఉండవు. దాని కష్టాలన్నీ ఆ మేటతోనే వచ్చాయి. చుట్టూ నీళ్లుంటే కుక్కలు రావు, గుడ్లు బతుకుతాయి. నీళ్లు మరీ తగ్గితే కుక్కలు, గేదెలు నడిచి వస్తాయి. పై నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలితే గుడ్లు కొట్టుకుపోతాయి. ఇవేవీ జరగకపోతే ఇసుక కోసం లారీ వస్తుంది. దేశమంతటా నదుల మీద ఇదే కథ నడుస్తోంది. అందుకే జీవజాతులకున్న ముప్పును లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చింది. ఇప్పటికీ ప్రకాశం బ్యారేజీ మీద ఎగురుతూ కనిపిస్తుంది కదా అని ధీమాగా ఉండకండి. ఎగరడం చూడటం తేలికే. గుడ్ల కాలంలో, జంటగా, మేట మీద చూడటం వేరు. నేను చెప్పేది ఆ ప్రయాణం గురించే.

కాలం దగ్గర తప్పు చేస్తే మిగతావన్నీ సరిగా చేసినా లాభం లేదు. వానాకాలంలో ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే దిగువన ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్లే. వరదలు తగ్గి, గేట్లు దించాక, డిసెంబరు నుంచి మేటలు ఒక్కొక్కటే వీపు బయట పెడతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా గుడ్లు, పిల్లల కాలం. నా లెక్కలో ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి చివరి దాకా చూడటానికి మంచిది. జంటలు కట్టే సందడి అప్పుడే ఉంటుంది, ఎండ కూడా మనిషిని చంపదు. ఒక్క శివరాత్రి మాత్రం వదిలేయండి. యనమలకుదురు కొండ మీద రామలింగేశ్వరస్వామి తిరునాళ్లు, ప్రభలు. దర్శనానికి వెళ్తానంటే సంతోషంగా వెళ్లండి, కానీ బైనాక్యులర్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ఒక ఏడాది రెండూ అవుతాయనుకుని బయలుదేరి, ప్రభల వెనక స్కూటరు దిగి తోసుకుంటూ మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

ఇక చోటు. బ్యారేజీకి ఎగువన నీళ్లు నిలవ ఉంటాయి, మేటలు బయటపడేది తక్కువ. దిగువనే చూడాలి. ఫలానా మేట అని మాత్రం చెప్పను. చెబితే జనం పోగవుతారన్నది ఒక కారణం. రెండోది, 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి నా పాత గుర్తులన్నీ చెరిపేసింది. నేను పదేళ్లుగా గుర్తుపెట్టుకున్న తుమ్మచెట్టు కూడా పోయింది. ఏటా కొత్తగా వెతుక్కోవలసిందే.

ఎక్కడ నిలబడాలో మాత్రం చెప్పగలను. బ్యారేజీ దాటాక నది ఆగ్నేయంగా పారుతుంది. పొద్దున్నే అయితే విజయవాడ ఒడ్డున, కృష్ణలంక దాటాక యనమలకుదురు, పెదపులిపాక వైపు కరకట్ట మీద నిలబడండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు, పక్షి మీద వెలుగు పడుతుంది, ముక్కు రంగు తెలుస్తుంది. సాయంత్రం అయితే గుంటూరు వైపు ఒడ్డు మంచిది. సీతానగరం నుంచి కిందికి గుండిమెడ దిక్కుగా వెళ్లండి. దీన్ని తిరగేశారా, ఎంత ఖరీదైన బైనాక్యులర్ పెట్టినా నల్లటి కాగితం బొమ్మలే కనిపిస్తాయి. ఎదురు వెలుగులో కాకికీ టెర్న్‌కీ తేడా చెప్పలేక కుస్తీ పట్టేవాళ్లను చూశాను. వాళ్లు చేయవలసిందల్లా ఒడ్డు మారడమే.

బైనాక్యులర్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, అది నా వృత్తి కాబట్టి. పెట్టె మీద 8×42 అని ఉంటే 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో. కొనేవాళ్లందరూ మొదటి అంకె చూసి పెద్దదే కావాలంటారు. 10, 12, ఇంకా పెద్దదుందా అంటారు. రెట్లు పెరిగే కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. 42ను 8తో భాగించండి, ఐదు పైచిలుకు వస్తుంది. కంటి దగ్గరికి చేరే వెలుగు గుండ్రం వెడల్పు అంత. జేబులో పట్టే 10×25లో అది రెండున్నర మిల్లీమీటర్లే. తెల్లవారుజామున, నది మీద పొగమంచు ఉండగా, ఈ తేడా ఎంతో తెలుస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు 8×42 చాలు.

కొన్నాక సరిచేసుకోవడం ఎవరూ చెప్పరు. మీ రెండు కళ్ల చూపు ఒకేలా ఉండకపోవచ్చు. నా అనుభవంలో చాలామందికి ఉండదు. ఇంటి డాబా మీద నుంచి దూరంగా ఏదైనా దుకాణం బోర్డు ఎంచుకోండి. కుడి వైపు ముందు అద్దాన్ని అరచేత్తో మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్యనున్న చక్రం తిప్పి అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఇప్పుడు ఎడమ వైపు మూయండి. మధ్య చక్రం జోలికి పోకుండా, కుడి కంటి గొట్టం మీదున్న రింగు మాత్రం తిప్పి అదే అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఆ రింగు ఏ గుర్తు దగ్గర ఆగిందో చూసి పెట్టుకోండి, అది మీ కొలత. ఆ తర్వాత దూరం మారినా మధ్య చక్రంతోనే పని. ఈ చిన్న పని చేయక, ఆరు నెలలు తలనొప్పి పడి, "అద్దాల నంబరు మారిందేమో చూడండి" అని నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు గిన్నెలను లోపలికి దించి, కళ్లద్దాల మీదే ఆనించి చూడాలి. లేకపోతే తాళం కన్నంలోంచి చూసినట్టుంటుంది.

ఒడ్డున గాలి వీస్తే అద్దాల మీద ఇసుక పడుతుంది. చీర కొంగుతోనో, చొక్కా అంచుతోనో తుడిచేస్తారు. ఇసుక రేణువు అద్దం మీది పూత కంటే గట్టిది. ఒక్కసారి రుద్దితే గీత పడుతుంది, ఆ గీత పోదు. ముందు ఊదండి, మెత్తటి కుంచెతో రాల్చండి, అప్పుడు తుడవండి.

మార్చిలో సూర్యోదయం ఆరూ ఆరున్నర మధ్య. ఆరింటికల్లా కరకట్ట మీద ఉండండి. తొమ్మిది దాటితే మేట మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది. బైనాక్యులర్ ఆ అలలను కూడా ఎనిమిది రెట్లు చేసి చూపిస్తుంది. అప్పుడు పక్షి కళ్ల ముందే ఉన్నా జెల్లీలా వణుకుతుంది. మూడు గంటలే మీ సమయం, దాన్ని టిఫిను దగ్గర పోగొట్టుకోకండి. ఇడ్లీ, పునుగులు తిరుగు ప్రయాణంలో తినవచ్చు.

చేరగానే బైనాక్యులర్ కంటికి పెట్టకండి. ఐదు నిమిషాలు ఉత్త కళ్లతో నది మొత్తం చూడండి, చెవులు రిక్కించండి. రామదాసు గొంతు చురుగ్గా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కీచుమనే తలుపు బందులో నూనె అయిపోయినట్టు. వేటాడేటప్పుడు తల కిందికి వంచి, ముక్కు నీళ్లకేసి పెట్టి, పాయ వెంబడి నింపాదిగా రెక్కలు కొట్టుకుంటూ వస్తుంది. కొంగలు మెడ ముడుచుకుని సూటిగా పోతాయి, దీనికి వెతుకులాట ఎక్కువ. ఉన్నట్టుండి ఆగి, రాయిలా నీళ్లలో పడి, ముక్కున పరిగె చేపతో లేస్తుంది. కంటికి దొరికాక చూపు దాని మీదే నిలిపి, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తీసుకురండి. అద్దాల్లోంచి వెతకడం మొదలుపెడితే ఆకాశంలో తప్పిపోతారు.

చేప పట్టిన పక్షి దాన్ని మింగకుండా మేట వైపు పోతే మీ అదృష్టం పండినట్టే. దాని వెంటే అద్దాలు తిప్పండి. ఇసుక మీద ఆడపక్షి ఉంటుంది. మగపక్షి చేపను అడ్డంగా పట్టుకుని దిగి, మెడ సాచి, పెళ్లికొడుకు ఊరేగింపులా దాని చుట్టూ నడుస్తుంది. ఆడపక్షి ఒళ్లు దించి, ముక్కు తెరిచి, చంటిపిల్లలా అడుగుతుంది. ఒకసారి నేను చూసిన మగపక్షి చేపను ఇవ్వబోయి వెనక్కు తీసుకుంది, మళ్లీ ఇవ్వబోయి మళ్లీ వెనక్కు తీసుకుంది. నాలుగోసారి ఆడపక్షి లాగేసుకుని, చేప తల ముందు లోపలికి పోయేలా తిప్పుకుని, ఒక్క గుటకలో మింగి, ఆ వెంటనే పక్కకు తిరిగి కూర్చుంది. మగపక్షి కొంతసేపు అలాగే నిలబడి, రెక్కలు సర్దుకుని, ఇంకో చేపకు పోయింది. ఈ తతంగమంతా నేను నిలబడ్డ చోటికి చాలా దూరంలో జరిగింది. నేనున్నట్టు వాటికి తెలియదు, తెలిసి ఉంటే జరిగేది కాదు.

గుర్తుపట్టడం దగ్గర చాలామంది బోల్తా పడతారు. ముందుగా నేను పడ్డాను. కృష్ణ మీద శీతాకాలంలో విస్కర్డ్ టెర్న్ అనే చిన్న వలస పక్షి గుంపులుగా ఉంటుంది. చలికాలంలో దాని ముక్కు నల్లన, పొట్ట తెల్లన. తోక చీలిక పెద్దగా ఉండదు. నీళ్లలో మునగడం కంటే పైపైన తేలుతూ పురుగుల్నీ చిన్న చేపల్నీ ఏరుకోవడమే ఎక్కువ. అది వేరు అని తేలిగ్గానే తెలుస్తుంది. చిక్కు ఏప్రిల్‌లో వస్తుంది. వెళ్లిపోయే ముందు అది పెళ్లి బట్టలు కట్టుకుంటుంది. పొట్ట బొగ్గు రంగుకు తిరుగుతుంది, ముక్కు ముదురు ఎరుపవుతుంది. ఇంకోవైపు బ్లాక్ బెల్లీడ్ టెర్న్ అని నిజంగా నల్లపొట్ట ఉన్న పక్షి ఒకటి ఉంది. అది రామదాసు కంటే ఎంతో అరుదు, ఐయూసీఎన్ లెక్కలో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతి. ఒక ఏప్రిల్ ఉదయం నల్లపొట్ట కనిపించగానే నాకు ఒళ్లు తెలియలేదు. తెలిసినవాళ్లందరికీ ఫోను చేసి చెప్పాను, దుకాణంలో వచ్చినవాళ్లకు మిఠాయి కూడా పంచాను. సాయంత్రం ఫోటో పెద్దది చేసి చూస్తే బుగ్గ మీద తెల్లటి పట్టీ, పొట్టి తోక, ఎర్ర ముక్కు. విస్కర్డ్ టెర్న్! మిఠాయి తిన్నవాళ్లకు ఆ సంగతి ఈరోజే తెలుస్తోంది.

కాబట్టి పొట్ట చూసి పరుగులు పెట్టకండి. ముందు ముక్కు, తర్వాత తోక, ఆ తర్వాతే పొట్ట. ముక్కు లావుగా, పసుపుపచ్చగా ఉండి పక్షి పెద్దదైతే రామదాసు. చలికాలంలో ఆ ముక్కు కొస నల్లబడుతుంది, నడినెత్తి నలుపు కూడా వెలిసి చారలు చారలుగా ఉంటుంది, కంగారు పడవద్దు. ముక్కు నారింజ రంగు, ఒళ్లు రామదాసు కంటే చిన్నది, తోక లోతుగా చీలి, పొట్ట నల్లగా ఉంటే, అప్పుడు ఊపిరి బిగబట్టి ఫోటో తీయండి. నాకు ఇప్పటిదాకా ఆ భాగ్యం కలగలేదు.

పుస్తకంలో రాసుకునేటప్పుడు కూడా పేరు ముందు రాయకండి. ఏ సమయానికి, ఎన్ని, ముక్కు రంగేమిటి, ఏం చేస్తోంది, ఇవి ముందు. పేరు రాసేశాక కన్ను పేరుకు తగ్గట్టే చూస్తుంది. దుకాణంలోనూ అంతే, కింది వరుస అక్షరాలను కంఠస్థం చేసి వచ్చిన కుర్రవాడికి ఎప్పుడూ సున్నా నంబరే.

ఇప్పుడు చెప్పడానికి నాకు ఇష్టం లేని సంగతి. నా మొదటి ఏడాది, పాయలో నీళ్లు మోకాలి లోతే కదా అని చెప్పులు చేత పట్టుకుని మేట మీదికి నడిచాను. పక్షులు లేచి నెత్తి మీద గోల చేశాయి. ఒకటి నా టోపీకి తగిలేంత కిందికి వచ్చింది. ఎంత బాగా దగ్గరికి వస్తున్నాయో అనుకుని ఫోనుతో వీడియో తీశాను! పావుగంట పైనే తీశాను. కాళ్ల దగ్గర ఇసుకలో మూడు గుడ్లు కనిపించాయి. మట్టి రంగు మీద గోధుమ మచ్చలు, ఇసుకకూ వాటికీ తేడా లేదు. ఇంకొక అడుగు వేసి ఉంటే తొక్కేవాణ్ణి. ఎండ వేళ తల్లి వాటి మీద నిలబడి నీడ పడుతుంది, అది వేడి చేయడానికి కాదు, ఉడికిపోకుండా కాపాడటానికి. నా వల్ల ఆ పావుగంట వాటికి నీడ లేదు. ఒడ్డుకు తిరిగి వచ్చి వెనక్కి చూస్తే, నేను నిలబడిన చోటే రెండు కాకులు దిగాయి. నేను చూపించిన దారినే వచ్చాయి. ఆ వీడియో ఎవరికీ పంపలేదు.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న హద్దు 100 మీటర్లు. అంత దూరంలో ఉన్నా పక్షులు లేచి మీ తల మీద తిరుగుతూ అరుస్తుంటే ఇంకా దగ్గరగా ఉన్నట్టే, అవి సద్దుమణిగే దాకా వెనక్కి నడవండి. తీతువు అరిచినా అదే అర్థం, అపశకునం కాదు, దాని పిల్లలు కూడా ఆ పక్కనే ఇసుకలో ఉంటాయి. డ్రోను ఎగరేయవద్దు, కుక్కను తీసుకురావద్దు. గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చూసిన పక్షుల లెక్కను, అలాంటి లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో పెట్టండి, మంచిదే, కానీ గుడ్లున్న మేట గుర్తులు వాట్సాప్ గుంపుల్లో వేయకండి.

నీళ్లలోకి అసలు దిగకూడదనడానికి ఇంకో కారణం ఇసుక తవ్విన గోతులు. పైకి మోకాలి లోతు కనిపించే చోట అడుగు వేస్తే తల మునిగిపోతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. పిల్లలతో వెళ్తే కరకట్ట దిగనివ్వకండి.

వెంట తీసుకువెళ్లవలసినవి పెద్దగా లేవు. నీళ్లు, టోపీ, మట్టి రంగు చొక్కా, కాగితం, పెన్సిలు. పెన్ను కూడా పనికొస్తుంది కానీ చొక్కా జేబులో కారిపోతుంది, నాది రెండుసార్లు కారింది.

గుంటూరు నుంచి వచ్చేవాళ్లు ఒకే రోజులో రెండు పనులు చేసుకోవచ్చు. పొద్దున ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, రంగురంగుల కొంగలు చూసుకుని, ఎండ వేళ ఇంటికి పోయి భోంచేసి పడుకుని, నాలుగింటికి సీతానగరం వైపు నదికి రండి. ఉప్పలపాడులో పక్షి కనిపించకపోవడం అంటూ ఉండదు. నది దగ్గర ఆ హామీ ఇవ్వలేను. నేను వెళ్లిన రోజుల్లో మూడింట ఒక వంతు దూరపు రెక్కలు తప్ప ఏమీ చూడలేదు. అలాంటి రోజున ఎవరైనా వలవాళ్లుంటే మాట కలపండి. నీళ్లు ఎక్కడ తగ్గాయో, పక్షులు ఈ ఏడాది ఏ మేట పట్టాయో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. ముందు చేపల ధర అడగండి, పక్షి సంగతి తర్వాత.

మొన్న ఫిబ్రవరిలో బాబాయ్‌కి బైనాక్యులర్ ఇచ్చాను. ఆయనకు కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, ఎడమ కన్ను ఇంకా మసకే. ఒడ్డున కూర్చోబెట్టి, పైన చెప్పినట్టే ఒక్కో కన్ను మూయించి, రింగు తిప్పి, చూపు కుదిర్చాను. మేట మీద రామదాసుల జంట ఉంది, మగపక్షి ముక్కున చేప. బాబాయ్ చాలాసేపు కదలకుండా చూశాడు. నాకు గర్వంగా అనిపించింది.

"కనిపించిందా బాబాయ్?"

"కనిపించింది డాక్టరు గారూ," అన్నాడు, అద్దాలు దించకుండానే. "అవతలి పాయలో నా వల ఎవడో ఎత్తుతున్నాడు."